ఆ చిన్న గీత ఎక్కడ పెట్టాలి?

ఇంగ్లిష్ రిపోర్టులు, మాన్యువల్స్, థీసిస్‌లు దిద్దడం నా ఉద్యోగం. దిద్ది పంపిన ఫైలు తిరిగి వచ్చేటప్పుడు మార్జిన్‌లో కామెంట్లు మోసుకొస్తుంది. కామా తీసేస్తే ఎవరూ పట్టించుకోరు. పేరా మొత్తం తిరగరాసినా "థాంక్స్ మేడమ్" అని ఊరుకుంటారు. రెండు మాటల్ని కలిపే చిన్న గీత, అదే హైఫన్, దాని దగ్గరికొచ్చేసరికి మాత్రం పేచీ మొదలు. "రెండో పేజీలో వెల్-నోన్ అని గీత పెట్టారు, ఐదో పేజీలో అదే మాటకి తీసేశారు. ఏదో ఒకటి ఖాయం చెయ్యండి మేడమ్." రెండూ కరెక్టే అంటే నేను తప్పించుకుంటున్నానని అనుకుంటారు. ప్రతి ఒక్కరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది. ఇకమీదట అడిగినవాళ్లకి ఇదే పంపిస్తాను.

ముందు ఇంగ్లిష్‌ని పక్కన పెడదాం. "కొత్త పాటల పుస్తకం" అన్నామనుకోండి. కొత్తవి పాటలా, పుస్తకమా? పుస్తకమే కొత్తదని గట్టిగా చెప్పాలంటే "పాటల కొత్త పుస్తకం" అని మాటని ఒక అడుగు జరుపుతాం. కొత్తవి పాటలైతే "కొత్త పాటలున్న పుస్తకం" అంటాం. ప్రత్యయాలు చేతిలో ఉన్నాయి కాబట్టి మనకి అటూ ఇటూ జరుపుకునే వీలుంది. ఇంగ్లిష్‌కి ఆ వెసులుబాటు తక్కువ. "ఓల్డ్ ఫర్నిచర్ డీలర్" అని మూడు మాటలు బోడిగా వరసలో నిలబడతాయి. ముసలి డీలరా, పాత ఫర్నిచర్ అమ్మే డీలరా అని చెప్పే ప్రత్యయం ఒక్కటీ ఉండదు. ఓల్డ్‌కీ ఫర్నిచర్‌కీ మధ్య గీత పెడితే పాతది ఫర్నిచర్. పెట్టకపోతే, కనీసం కాగితం మీద, వయసు మీదపడింది డీలర్‌కి.

బడిలో సమాసాలకి విగ్రహవాక్యాలు రాసినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. నామవాచకం ముందు రెండు మూడు మాటలు పోగుపడిన ప్రతిచోటా నేను మనసులో విగ్రహవాక్యం చెప్పుకుంటాను. "హెవీ మెటల్ డిటెక్టర్" అని ఉంటే, సీసం, పాదరసం లాంటి భారలోహాలను పసిగట్టే పరికరమా, లేక ఎత్తలేనంత బరువున్న మెటల్ డిటెక్టరా? మొదటిదైతే హెవీ, మెటల్ ముందు జట్టుకట్టి, ఆ తర్వాత డిటెక్టర్ మీదికి వెళ్తున్నాయి. కాబట్టి హెవీ-మెటల్ డిటెక్టర్. రెండోదైతే మెటల్ డిటెక్టర్ అనేది ముందే ఒక ముద్ద, హెవీ దాని మీదికి వచ్చి చేరింది. గీత అక్కర్లేదు. ఎవరు ఎవరితో ముందు కలుస్తున్నారు అన్నదొక్కటే ప్రశ్న. రూల్స్ అని మనం బట్టీ పట్టేవన్నీ ఈ ప్రశ్నకి తయారుగా పెట్టుకున్న జవాబులు.

"లిటిల్-యూజ్డ్ కార్" అంటే పెద్దగా నడపని కారు. గీత తీసేస్తే, సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. కొనేవాడికి ఈ రెంటికీ చాలా తేడా ఉంది. "లైట్-బ్లూ బ్యాగ్" లేత నీలం బ్యాగ్. గీత లేకపోతే బరువు లేని నీలం బ్యాగ్ కూడా కావచ్చు. "స్మాల్ బిజినెస్ ఓనర్" అని వదిలేస్తే పొట్టి మనిషి గుర్తొస్తాడని వ్యాకరణ పుస్తకాలు తరచూ వేసే జోకు. నిజం చెప్పాలంటే అలా ఎవరూ అనుకోరు. అయినా నేను గీత పెడతాను, ఎందుకో తర్వాత చెబుతాను.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మాత్రం ఒక మీటింగ్ మినిట్స్‌లో దొరికింది. "ట్వెంటీ ఆడ్ పీపుల్ అటెండెడ్" అని ఉంది. రాసినాయన ఉద్దేశం ఇరవై మంది పైచిలుకు వచ్చారని. కాగితం చెబుతున్నది ఇరవై మంది వింత మనుషులు వచ్చారని. ట్వెంటీకీ ఆడ్‌కీ మధ్య గీత ఒక్కటే ఆ హాజరైనవాళ్ల పరువు కాపాడేది. ఇలాంటిచోట గీత పెట్టాలా వద్దా అన్నది స్టైల్‌కి సంబంధించిన విషయం కానే కాదు, పెట్టి తీరాలి. ఆయనకి ఫోన్ చేసి చెబితే కాసేపు నవ్వి, "అలాగే ఉంచేయండి మేడమ్, ఉన్నమాటే కదా" అన్నారు. నేను గీత పెట్టే పంపాను.

ఇక అసలు పేచీకి వద్దాం. "ఎ వెల్-నోన్ ఆథర్" అంటే గీత ఉంది. "ది ఆథర్ ఈజ్ వెల్ నోన్" అంటే లేదు. ఎందుకు? మొదటి దాంట్లో చదివేవాడి కన్ను ఎడమ నుంచి కుడికి వెళ్తూ వెల్ దగ్గరికి, నోన్ దగ్గరికి వచ్చేసరికి నామవాచకం ఇంకా రాలేదు. ఏ మాట దేనికి తగులుకుంటుందో తెలియని స్థితిలో నడుస్తున్నాడు. గీత అక్కడ చెయ్యి పట్టుకుని దాటిస్తుంది. రెండో దాంట్లో ఆథర్ ముందే వచ్చేశాడు, క్రియ కూడా వచ్చేసింది. వెల్ వెళ్లి నోన్‌తో కలవడం తప్ప దానికి వేరే దారి లేదు. గందరగోళానికి చోటు లేనప్పుడు గీతకి పని లేదు. "అప్-టు-డేట్ లిస్ట్" అని ముందు వస్తే గీతలు, "ది లిస్ట్ ఈజ్ అప్ టు డేట్" అని వెనక వస్తే ఖాళీలు. రెండో పేజీకీ ఐదో పేజీకీ తేడా ఇదే.

కొన్ని మాటలు గీతతోనే నిఘంటువుకెక్కి స్థిరపడిపోయాయి. కాస్ట్-ఎఫెక్టివ్, యూజర్-ఫ్రెండ్లీ లాంటివి. వాటిని వెనక వచ్చినా నేను కదపను. కదిపేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో గొడవ పడను.

"ఎల్‌వై" అక్షరాలతో ముగిసే మాటల రూల్ అందరికీ ఎంతో కొంత తెలుసు. "హైలీ పెయిడ్ జాబ్", "న్యూలీ బిల్ట్ హౌస్" వీటికి గీత వద్దు. చాలామంది దీన్నొక మినహాయింపుగా గుర్తుపెట్టుకుంటారు గానీ, ఇదీ అదే ప్రశ్నకి జవాబు. హైలీ అనే మాట తోకలోనే తాను క్రియావిశేషణమని చెప్పేస్తోంది. అది జాబ్ మీద పడలేదు, పెయిడ్ మీదే పడాలి. ప్రత్యయం ఉన్నచోట గీత ఎందుకు? వెల్, హార్డ్, ఫాస్ట్ లాంటి మాటలకి ఆ తోక లేదు, అందుకే వాటికి గీత సాయం కావాలి. ఈ సంగతి అర్థం చేసుకోకుండా "ఎల్‌వై కనిపిస్తే గీత తీసెయ్" అని పట్టుకున్నవాళ్లు ఫ్యామిలీ-ఓన్డ్ బిజినెస్‌లో గీత తీసేస్తారు, అర్లీ-స్టేజ్ క్యాన్సర్‌లో తీసేస్తారు, ఫ్రెండ్లీ-లుకింగ్ డాగ్‌లోనూ తీసేస్తారు. ఫ్యామిలీ నామవాచకం. ఫ్రెండ్లీ విశేషణం. అర్లీ ఇక్కడ స్టేజ్‌కి విశేషణం. అక్షరాలు చూసి తోక అనుకుంటే ఎలా? ఫైండ్ అండ్ రీప్లేస్‌తో హైఫన్లు ఏరేసిన ఫైలు ఒకటి నా చేతికొచ్చింది. ఏరినదానికన్నా తిరిగి పెట్టడానికే ఎక్కువసేపు పట్టింది.

"వెరీ" తర్వాత గీత ఎప్పుడూ వద్దు. అంతే, దాని గురించి ఇంకేమీ లేదు.

అంకెల దగ్గర మాత్రం ఆగాలి. వయసులు రాసేటప్పుడు మనవాళ్లు చేసే పొరపాటుకి మూలం మన భాషలోనే ఉంది. "ఐదేళ్ల పిల్లవాడు" అని మనం బహువచనమే వాడతాం కాబట్టి చెయ్యి దానంతటదే "ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్" అని రాసేస్తుంది. నామవాచకం ముందు విశేషణంగా వచ్చినప్పుడు ఇంగ్లిష్‌లో ఆ బహువచనం పోయి ఏకవచనం అవుతుంది: ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్, టెన్-పేజ్ రిపోర్ట్, టూ-డే వర్క్‌షాప్. వెనక వస్తే బహువచనం తిరిగొస్తుంది, గీతలు పోతాయి: ది బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్. ఇక బాయ్ అనే మాటే లేకుండా "ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్" అంటే అది పూర్తిగా నామవాచకమైపోయింది, గీతలు అలాగే ఉంటాయి.

గీత ఎంత పని చేయగలదో చూడాలంటే "త్రీ హండ్రెడ్ ఇయర్ ఓల్డ్ ట్రీస్" అని గీతల్లేకుండా ఒక కాగితం మీద రాసుకోండి. మూడు చోట్లా గీతలు పెడితే, త్రీ-హండ్రెడ్-ఇయర్-ఓల్డ్ ట్రీస్, మూడు వందల ఏళ్ల వయసున్న చెట్లు. ఎన్నో తెలియదు. త్రీ తర్వాత ఖాళీ వదిలేసి మిగతావి కలిపితే, త్రీ హండ్రెడ్-ఇయర్-ఓల్డ్ ట్రీస్, వందేళ్ల చెట్లు మూడు. హండ్రెడ్ తర్వాత కూడా ఖాళీ వదిలి, త్రీ హండ్రెడ్ ఇయర్-ఓల్డ్ ట్రీస్ అంటే ఏడాది మొక్కలు మూడు వందలు. ఒక్క అక్షరం మారలేదు. అడవి పోయి నర్సరీ వచ్చింది. పర్యావరణ రిపోర్టుల్లో ఇలాంటివి ఎదురైతే నేను ఊహించి గీత పెట్టను, రాసినవాళ్లనే అడుగుతాను. ఎందుకంటే వాక్యం చూసి అసలు సంగతి కనిపెట్టే మార్గం ఎడిటర్‌కి లేదు.

ఇప్పటిదాకా గీత పెట్టనివాళ్ల సంగతి. నన్ను నిజంగా విసిగించేది రెండో జాతి. ఎప్పుడో రూల్ విన్నారు, అప్పట్నుంచి రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే చాలు కలిపి కుట్టేస్తున్నారు. ఒక సంస్థవాళ్ల యూజర్ మాన్యువల్ నిండా "లాగ్-ఇన్ టు ది సిస్టమ్", "సైన్-అప్ హియర్", "ఫాలో-అప్ విత్ ది కస్టమర్". ఇవి క్రియలండీ. లాగ్ ఇన్, సైన్ అప్, ఫాలో అప్ అని విడిగానే ఉండాలి. "ఫాలో-అప్ మీటింగ్" అన్నప్పుడు మీటింగ్ ముందు కూర్చున్నాయి కాబట్టి గీత. అలాగే "ఇన్ ది లాంగ్-టర్మ్" అని పెడతారు. అక్కడ టర్మ్ అనేదే నామవాచకం, లాంగ్ దానికి మామూలు విశేషణం. వెనక ఇంకో నామవాచకం లేనే లేదు, గీత కట్టి ఎవరి మీదికి తోలుతారు? లాంగ్-టర్మ్ ప్లాన్, కానీ ఇన్ ది లాంగ్ టర్మ్. రియల్-టైమ్ డేటా, కానీ ఇన్ రియల్ టైమ్. దిద్ది పంపితే వాళ్ల మేనేజర్ "బ్రాండ్ స్టైల్ మేడమ్" అని అన్నీ వెనక్కి పెట్టించారు. డబ్బులిచ్చేది వాళ్లు, పెట్టాను.

పాపులర్ జంటల సంగతి ఇంకోటి. హై స్కూల్ స్టూడెంట్, క్రెడిట్ కార్డ్ బిల్, రియల్ ఎస్టేట్ ఏజెంట్. రూల్ ప్రకారం గీత ఉండాలి కదా అంటారు. ఇవి జనం నోళ్లలో నలిగి నలిగి రెండు మాటలని మర్చిపోయేంతగా కలిసిపోయాయి. చదివేవాడికి విగ్రహవాక్యం వెతుక్కునే అవసరమే రాదు. వ్యక్తుల పేర్లు, సంస్థల పేర్లు కూడా అంతే, సుప్రీమ్ కోర్ట్ జడ్జ్ అన్నప్పుడు పెద్దక్షరాలే రెంటినీ కట్టి ఉంచుతాయి. ఆడ్ హాక్ కమిటీ లాంటి లాటిన్ జంటలకీ గీత పెట్టరు. ఈ మధ్య నేను ఎక్కువగా దిద్దుతున్నది "లార్జ్-లాంగ్వేజ్ మోడల్". పెద్దది లాంగ్వేజా? కాదు, మోడల్. లాంగ్వేజ్ మోడల్ అనేది ఒక ముద్ద, అది పెద్దది. కాబట్టి గీత పెట్టకూడదు. కానీ హై-లెవెల్ లాంగ్వేజ్ అన్నప్పుడు పెట్టాలి, అక్కడ హై కలిసేది లెవెల్‌తోనే.

ఏది జనానికి బాగా అలవాటైన జంట, ఏది కాదు అన్నది ఎవరు తేలుస్తారు? ఇక్కడే పెద్దపెద్దవాళ్లు కూడా తడబడ్డారు. అమెరికన్ పత్రికలు చాలావరకు అనుసరించే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ (ఏపీ) స్టైల్‌బుక్ 2019లో ఒక మాట అంది: రెండు మాటలూ ఒకే పదబంధంగా అందరికీ తెలిసినవై, గీత లేకపోయినా అర్థమవుతుంటే గీత వద్దు. ఉదాహరణగా "ఫస్ట్ క్వార్టర్ టచ్‌డౌన్" (అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట మొదటి పావులో చేసిన స్కోరు) ఇచ్చారు. ఎడిటర్లు ఊరుకుంటారా? అభ్యంతరాలు వెల్లువెత్తాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఏపీ వెనక్కి తగ్గి ఫస్ట్-క్వార్టర్‌కి గీత తిరిగి పెట్టింది. నేను గీత పక్షమే. స్మాల్-బిజినెస్ ఓనర్‌కి గీత పెడతానని పైన అన్నది ఇందుకే. అర్థం కాకపోవడం వేరు, ఒక్క క్షణం తటపటాయించడం వేరు. వంద పేజీల రిపోర్టులో చదివేవాడు పేజీకోసారి అలా తటపటాయిస్తే, ఎందుకో తనకే తెలియకుండా ఇంగ్లిష్ బాలేదని పక్కన పడేస్తాడు.

గీతలు మొత్తంగా తగ్గిపోతున్నాయి కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఆరో ఎడిషన్ దాదాపు 16,000 మాటల్లోంచి హైఫన్లు తీసేసింది. ఐస్ క్రీమ్ రెండు మాటలైంది, బంబుల్‌బీ ఒక్కటైంది. 2011లో ఏపీ ఈ-మెయిల్‌లోని గీతని తీసి ఈమెయిల్ చేసింది. కానీ ఇవన్నీ స్వతంత్రంగా బతికే నామవాచకాలు. కొంతకాలం గీతతో ఉండి, అలవాటయ్యాక కలిసిపోవడమో విడిపోవడమో వాటి మామూలు ప్రయాణం. నామవాచకం ముందు అప్పటికప్పుడు కట్టే జంటలకి ఇది వర్తించదు. "గవర్నమెంట్-ఫండెడ్ స్టడీ" ఏ నిఘంటువులోనూ వెతకక్కర్లేదు, ఆ వాక్యం కోసం కట్టాం, అక్కడితో దాని పని అయిపోయింది.

గీతతో నెట్టుకురాలేని చోట్లు కూడా ఉన్నాయి. "వుయ్ నీడ్ మోర్ ఎక్స్‌పీరియన్స్‌డ్ టీచర్స్." అనుభవమున్న టీచర్లు ఇంకా ఎక్కువ మంది కావాలా, ఇంకా ఎక్కువ అనుభవమున్న టీచర్లు కావాలా? రెండో అర్థానికి మోర్-ఎక్స్‌పీరియన్స్‌డ్ అని గీత పెట్టొచ్చు, అయితే మామూలుగా మోర్‌కి గీత పెట్టరు కాబట్టి సగం మంది అది అచ్చుతప్పు అనుకుంటారు. ఇలాంటప్పుడు నేను గీతని వదిలేసి వాక్యమే మారుస్తాను: "టీచర్స్ విత్ మోర్ ఎక్స్‌పీరియన్స్". మనం తెలుగులో మాట జరుపుకున్నట్టే. నాలుగైదు మాటలు గీతలతో రైలుపెట్టెల్లా వేలాడుతుంటే కూడా అదే వైద్యం. "నాన్-ఇంగ్లిష్-స్పీకింగ్-పేషెంట్ సర్వే" అని ఎవరో కట్టారు. "సర్వే ఆఫ్ పేషెంట్స్ హూ డూ నాట్ స్పీక్ ఇంగ్లిష్" అంటే ఊపిరాడుతుంది.

కొలతల విషయంలో సైన్స్‌వాళ్లకి వేరే పద్ధతి ఉంది. మీటరు, కిలోగ్రాము లాంటి అంతర్జాతీయ ప్రమాణాల (ఎస్ఐ) బ్రోషర్ ప్రకారం యూనిట్ గుర్తు వాడితే, విశేషణంగా వచ్చినా సరే, అంకెకీ గుర్తుకీ మధ్య ఖాళీయే ఉండాలి. యూనిట్ పేరు పూర్తిగా రాస్తే మామూలు ఇంగ్లిష్ రూల్. అంటే 35-మిల్లీమీటర్ ఫిల్మ్‌కి గీత, ఎంఎం అని గుర్తు రాస్తే ఖాళీ. థీసిస్‌లు రాసేవాళ్లు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే నాకు సగం పని తగ్గుతుంది. పర్సెంట్‌కి కూడా గీత పెట్టరు, ఫిఫ్టీ పర్సెంట్ ఇంక్రీజ్ చాలు.

వేలాడే హైఫన్ అని ఒకటుంది. "ఫస్ట్- అండ్ సెకండ్-ఇయర్ స్టూడెంట్స్". ఫస్ట్ పక్కన గీత ఉంది, దాని తర్వాత ఖాళీ. చూసినవాళ్లంతా అచ్చుతప్పనుకుని తీసేస్తారు. ఆ గీత "నా జంట ముందుంది, ఆగండి" అంటోంది: ఫస్ట్-ఇయర్, సెకండ్-ఇయర్ రెండిట్లోనూ ఉన్న ఇయర్‌ని ఒక్కసారే రాశాం. గీత తీసేస్తే ఫస్ట్ ఒంటరిదైపోతుంది. నేను పెట్టిన వేలాడే హైఫన్ల మీద స్పెల్‌చెక్ ఒకసారి, ప్రూఫ్ రీడర్ ఒకసారి, క్లయింట్ ఒకసారి చెయ్యి వేస్తారు. అందుకే ఇప్పుడు పక్కన ముందే కామెంట్ రాసి పెడుతున్నాను: "ఇది కావాలనే."

చివరగా టైపింగ్ సంగతి. లైను చివర "ఫైవ్-" అని విరిగి, కింద లైన్లో "ఇయర్-ఓల్డ్" మొదలైతే చూడ్డానికి బాగోదు, వేలాడే హైఫన్ అనుకునే ప్రమాదమూ ఉంది. వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కి పట్టుకుని హైఫన్ కొడితే లైను దగ్గర విరగని హైఫన్ వస్తుంది. ఫైనల్ కాపీలోనే వాడండి, డ్రాఫ్ట్‌లో వద్దు. కంప్యూటర్ లెక్కలో అది వేరే అక్షరం కాబట్టి, మామూలు హైఫన్ టైప్ చేసి వెతికితే ఆ మాట కొన్నిచోట్ల దొరకదు.